బొగ్గు లేని బాయిలర్

మొన్న ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నా ఫోనుకు జర్మనీ నుంచి మెసేజి వచ్చింది. చదివి, వెంటనే బ్లాకు చేశాను.

మెసేజి తెలుగులో ఉంది. నా మొదటి అనుమానం అదే. జర్మనీ మనిషికి తెలుగెందుకు వస్తుంది? "గౌరవనీయులైన సార్, యుద్ధ సమయంలో మీ తండ్రిగారు నా తాతయ్య పనిచేసిన టార్పీడో పడవ ద్వారా సముద్రం నుండి బయటకు తీయబడ్డారని నేను నమ్ముతున్నాను" అని ఉంది. బయటకు తీయబడ్డారట. బొగ్గుగని వాళ్లుండే మా సెంటినరీ కాలనీలో అలా ఎవరూ మాట్లాడరు. 'మీ ఖాతా నిలిపివేయబడినది' అని బెదిరించే మెసేజీల భాష అది. మా వెనక వీధిలో, గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌గా రిటైరైన ఒకాయన ఫోనులో పోలీసు టోపీ చూసి వణికిపోయి, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి ఎవడికో పంపించేశాడు. ఇప్పుడు ఎవరి ఫోను మోగినా ఆయన లేచి ఇంకో గదిలోకి పోతాడు. ఆ గతి నాకు పట్టకూడదనుకున్నాను.

పైగా ఈ మనిషి డబ్బు అడగలేదు. మొదటి మాటలోనే డబ్బు అడగనివాడు ఇంకా పెద్దదానికే వల వేస్తున్నాడని నా లెక్క.

నన్ను కాలనీలో అనుమానపు మనిషి అంటారు. కాదనను. ఉద్యోగమంతా ల్యాంపు రూము కిటికీ వెనకే గడిచింది. గనిలోకి దిగేవాడు తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల నాకిచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయాక కూడా కొక్కేనికి బిళ్ల వేలాడుతుంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. "వాడు ఎప్పుడో పైకొచ్చిండన్నా, నేను చూసిన" అని పదిమంది ఒట్టేసినా సరే, బిళ్ల కొక్కేనికి ఉన్నంతసేపు నేను కిటికీ వదిలేవాణ్ణి కాదు. బిళ్ల పోగొట్టుకుని వచ్చినవాడితో ఇంకో పద్ధతి ఉండేది. నంబరు నేను ముందు చెప్పను, వాడి నోటి నుంచే రావాలి. నేను చెబితే "అవునన్నా, గదే" అని ఎవడైనా అంటాడు. ఆ కిటికీ వెనక మాటను నమ్మడం మర్చిపోయాను. ఇంట్లో కూడా మళ్లీ నేర్చుకోలేదు.

మా నాన్న మాటను కూడా నమ్మలేదు.

నాన్నది సముద్రం పక్క ఊరు. పెళ్లికి ముందు ఇంగ్లీషువాళ్ల సరుకు ఓడలో బాయిలర్‌కు బొగ్గు వేసే పని చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఓడ మునిగింది. చలి నీళ్లలో ఒక చెక్కను పట్టుకుని తేలుతుంటే జర్మనీవాళ్ల టార్పీడో పడవ ఒకటి వచ్చి, తాడు విసిరి తనను లాగిందనేవాడు. పడవ అంటారు గానీ అది చిన్న యుద్ధనౌకే. సన్నగా ఉంటుంది, గుర్రంలా పరుగెడుతుంది. పొట్టలో టార్పీడోలు పెట్టుకుని తిరుగుతుంది. ఆ తర్వాత యుద్ధం అయిపోయేదాకా ఆయన్ని ఖైదీగా ఉంచి వదిలేశారు. వచ్చాక పెళ్లి చేసుకుని, తనకు తెలిసింది బొగ్గొక్కటే కాబట్టి బొగ్గున్న చోటికి, బెల్లంపల్లికి వచ్చి గనిలో చేరాడు. అక్కా నేనూ అక్కడే పుట్టాం.

ఇంతవరకు చెబితే బెల్లంపల్లి జనం నమ్మేవాళ్లే. ఆయన ఇంకొక్క మాట చెప్పాడు. ఆ టార్పీడో పడవలో బాయిలర్ ఉందట, బాయిలర్ కింద మంట ఉందట, కానీ బొగ్గు లేదట. నూనెను సన్నగా చిమ్మి మండిస్తారట. ఈ మాట ఆయన బజారులో, హోటల్ బెంచీ మీద కూర్చుని బొగ్గుగని కార్మికులకు చెప్పాడు. చెప్పడానికి ఆయనకు మరో చోటు దొరకలేదు.

వాళ్లు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను.

"గంత పెద్ద బాయిలర్‌కు నూనెనా? ఇంట్ల స్టవ్వు చూసి చెప్తున్నవా కాకా?" అన్నాడొకడు.

"బొగ్గు లేకుంట ఓడలు నడిస్తె మనమెందుకు గనిల దిగుడు? ఇంటికాడ పండుకుందాం పా" అన్నాడు ఇంకొకడు.

రైలు నడిచేది మన బొగ్గుతో, కరెంటు పుట్టేది మన బొగ్గుతో. గని మీద తాడు చుట్టే ఇంజనుకు ఆవిరి కూడా మన బొగ్గు నుంచే. ప్రపంచమంతా తమ తట్టతోనే నడుస్తోందని నమ్మినవాళ్లకు ఆ మాట అబద్ధంలా వినపడటమే కాదు, ఒళ్లు మండించింది కూడా. ఆ రోజు నుంచి నాన్న పేరు పోయింది. అందరికీ ఆయన 'టార్పీడో'. నేను 'టార్పీడో కొడుకు'. బడిలో ఎవడు ఏ కోత కోసినా "వీడు గుడ టార్పీడోనే" అనేవాళ్లు. నాన్న ఆ తర్వాత బొగ్గు లేని బాయిలర్ మాట బయట ఎక్కడా ఎత్తలేదు. ఇంట్లో కూడా ఎప్పుడైనా, తలుపు వేసి ఉంటేనే.

నాకు వేరే అనుమానం కూడా ఉండేది. ఓడ ఎట్లా మునిగిందని అడిగితే ఒకసారి సముద్రంలో పెట్టిన మందుపాతర తగిలిందనేవాడు. ఇంకోసారి పైనుంచి బాంబు పడిందనేవాడు. మళ్లీ అడిగితే "చీకట్ల ఎవనికి తెలుసురా" అని కసిరేవాడు. కిటికీ దగ్గర ఒకే మనిషి రెండు నంబర్లు చెబితే ఏమనుకోవాలో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరాక నాన్న కథను మనసులో అబద్ధాల కొక్కేనికి తగిలించి వదిలేశాను. ఆయన పోయినప్పుడు కూడా అది అక్కడే ఉంది.

అక్క వదలలేదు. నాకంటే ఆరేళ్లు పెద్దది, ఇప్పటికీ బెల్లంపల్లిలోనే ఉంటుంది. ప్రతి ఏడాదీ నాన్న చనిపోయిన రోజుకు దగ్గరి ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెబుతుంది. సాక్ష్యమంటే దేవుడు తమ ఇంట్లో చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం. సముద్రం, చెక్క, తాడు, టార్పీడో పడవ చెప్పి, ఆ పడవలోని వాళ్ల కోసం ప్రార్థించమంటుంది. బాయిలర్ సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పదు. ఆ నవ్వు ఆమె కూడా విన్నది. అయినా పోయినసారి వెనక వరసలో కుర్రవాళ్లు నవ్వారు. ఎవరో సన్నగా 'టార్పీడో' అన్నారు. ఎవరి తాత నుంచి ఎవరికి దిగిందో ఆ పేరు, అరవై ఏళ్లయినా చావలేదు. అక్క మధ్యలోనే కూర్చుండిపోయింది.

ఈ ఏడు ఆమెకు గుండె ఆపరేషన్ అన్నారు. హైదరాబాదు తీసుకుపోవాలి. డాక్టరు ఆమె వయసు చూసి సగం మాటలే మాట్లాడాడు. అక్క నన్ను ఒకటే అడిగింది. "పోయే ముందు ఆదివారం నేను సాక్ష్యం చెప్త. నువ్వు నా పక్కన నిలబడి 'మా అక్క చెప్పేది నిజం' అను. గంతే." నేను ఒప్పుకోలేదు. నాకు తెలియనిదాన్ని నిజమని చర్చిలో నిలబడి ఎట్లా అంటాను? ఆమె బతిమాలలేదు. ఫోను పెట్టేసింది.

అలాంటి రోజుల్లో వచ్చింది జర్మనీ మెసేజి. నేను బ్లాకు చేసిన మర్నాడే అక్క ఫోను చేసింది.

"తమ్మీ, ఆ జర్మనీ బిడ్డను ఎందుకు బందు చేసినవ్?"

మా చర్చి వాళ్లు ఆదివారం ప్రార్థనలను యూట్యూబులో పెడతారట. అక్క పోయినేటి సాక్ష్యం అందులో ఉందట. ఆ పడవ గురించి వెతుకుతున్న ఈ మనిషి అది చూసి, కంప్యూటరుతో తెలుగును అటూ ఇటూ మార్చుకుంటూ చర్చికి రాసి, వాళ్ల దగ్గర నా నంబరు తీసుకుందట. అక్కకు చెవులు సరిగా వినపడవు కాబట్టి నాతో మాట్లాడించమని వాళ్లకు అక్కే చెప్పిందట.

నాకు ఇంకా అనుమానం పెరిగింది. అక్క చెప్పిందంతా యూట్యూబులో ఉన్నప్పుడు ఎవరైనా వినొచ్చు, విని అల్లొచ్చు. అక్క సంతోషం చూస్తే భయమేసింది. ఆపరేషన్ ముందు ఈమెను ఎవరో ఆశపెట్టి మోసం చేస్తే ఆ గుండె తట్టుకుంటుందా?

"నేను చూసుకుంట. అప్పటిదాక నువ్వు ఎవరికీ ఏం చెప్పకు" అన్నాను.

నేను మా అమ్మాయి క్వార్టర్లోనే ఉంటాను. తను బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఒక సాయంత్రం తనను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో కాల్ చేయించాను. ముందే గట్టిగా చెప్పాను, నేనన్నది మాత్రమే ఇంగ్లీషులో చెప్పాలి, ఒక్క మాట కలపకూడదని.

"డాడీ, నన్ను గుడ నమ్మవా?"

"నిన్ను నమ్ముత. నీ నోటిని నమ్మ."

తెరమీద పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, కళ్లద్దాలు కనిపించాయి. వెనక ఏ పటమూ లేని తెల్ల గోడ. ఆ గోడ నాకు నచ్చలేదు. ఏ గదిలో కూర్చున్నా అలాంటి గోడ దొరుకుతుంది. "ఇక్కడ పొద్దుగూకుతోంది, అక్కడ ఇంకా పగలే ఉండాలి కదా, కిటికీ చూపించమను" అన్నాను. మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. జర్మనీ ఆమె మాత్రం నొచ్చుకోకుండా ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. బయట మంచి వెలుతురు, సన్నని తుంపర. గోడకు ఆనించిన సైకిలు తడుస్తోంది. సరే, దీపం ఇవ్వొచ్చు అనుకున్నాను.

తర్వాత నా పద్ధతిలో అడిగాను. "నీళ్లలోంచి పైకి లాగాక మా నాన్నను పడవలో ఎక్కడ ఉంచారు? అక్కడ ఆయన ఏం చేశాడు? మీ తాత ఏం చెప్పేవాడో అదే చెప్పండి."

బాయిలర్ అనలేదు. బొగ్గు అనలేదు. మా అమ్మాయి పెదాల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల తాత ఆ పడవ బాయిలర్ గదిలో పనివాడు. తీరం వెంట సరుకు ఓడలకు కాపలాగా తిరగడం, మంచు కమ్మిన వేళ బయలుదేరి శత్రువుల ఓడల మీద పడటం ఆ పడవ పని. ఒక తెల్లవారుజామున నీళ్లలోంచి కొందరిని లాగారు. చలికి కొయ్యబారిపోయారని వెచ్చగా ఉంటుందని బాయిలర్ గదిలోకి దించారు. వాళ్లలో ఒకడు నల్లగా, సన్నగా ఉన్నాడు. దుప్పటి కప్పుకుని కాసేపు వణికాడు. ఒంట్లో కాస్త వేడి పుట్టగానే లేచి బాయిలర్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వెనక్కి వంగి చూస్తాడు, కింద ఇనుప రేకుల సందుల్లోకి చూస్తాడు, మళ్లీ ఇటు వస్తాడు. వాళ్ల తాతకు అనుమానం వచ్చింది. శత్రువు కదా, ఏదో విరగ్గొట్టాలని చూస్తున్నాడనుకుని పానా చేతిలోకి తీసుకున్నాడు.

మా అమ్మాయి ఈ మాట చెప్పి ఆగింది. "ఆగకు" అన్నాను.

"అప్పుడు ఆ మనిషి రెండు చేతులతో పారతో ఎత్తిపోస్తున్నట్టు చేసి చూపించిండట డాడీ. 'కోల్? కోల్?' అని అడిగిండట. బొగ్గు ఎక్కడుందని ఎతుకుతుండట."

నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను.

వాళ్ల తాత పానా కింద పెట్టి, బాయిలర్‌కున్న చిన్న మూత తెరిచి లోపల నూనె మంట చూపించాడట. ఆ మనిషి వంగి చాలాసేపు చూశాడట. బొగ్గు లేదని నిశ్చయమయ్యాక నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపి, నవ్వాడట. అంత కష్టంలో ఒక మనిషి బొగ్గు లేదని ఆశ్చర్యపడటం ఆ తాతకు జీవితమంతా గుర్తుండిపోయింది. యుద్ధం అయ్యాక ఇంట్లో పొయ్యి వెలిగించినప్పుడల్లా పిల్లలకు ఆ నల్లటి మనిషిలా పార ఊపి చూపించేవాడట. ఆమె కూడా తెరమీద చేతులు ఊపి చూపించింది.

తలుపు వేసి ఓడ కథ చెప్పేటప్పుడు మా నాన్న ఊపినట్టే, అచ్చం. ఎడమ చెయ్యి కిందికి, కుడి చెయ్యి మీదికి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అక్కడితో ఆపితే బాగుండేది. కానీ నేను అక్కడితో ఆపే రకం కాదు. నాన్న చెప్పిన రెండు నంబర్లు లోపల గుచ్చుతున్నాయి. కళ్లు తుడుచుకుని అడిగాను. "మా నాన్న ఓడను ముంచింది ఎవరు?"

మా అమ్మాయి నా వైపు చూసింది. "అడుగు" అన్నాను. అడిగింది.

ఆమె కళ్లద్దాలు తీసింది. తర్వాత చిన్నగా చెప్పింది. మా తాత పడవే. మా పడవ వదిలిన టార్పీడోనే తగిలింది. ముందే చెబితే మీరు మాట్లాడరని భయపడ్డాను. కొంతమందినే లాగగలిగారు, పైనుంచి విమానాలు వస్తాయని మిగతావాళ్లను వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత యుద్ధం అయిపోకముందే ఆ పడవను కూడా రేవులో కట్టేసి ఉండగా విమానాలు బాంబులేసి ముంచాయి. ఆ రోజు కాలిన చేతులతో దవాఖానలో పడి ఉండబట్టి తాత ఒక్కడు మిగిలాడు. మీ నాన్నగారు తనను క్షమించాలని ఎప్పుడూ అనేవాడు, ఎలా అడగాలో తెలియకుండానే చనిపోయాడు.

నేను ఫోను ఆపెయ్యమన్నాను.

కోపం ఎవరి మీదో తెలియలేదు. ఆమె మీదా? నిజమే చెప్పింది. నాన్న మీద, అంతే. తనను ముంచినవాళ్ల కోసమే మా చేత ఇన్నేళ్లు ప్రార్థనలు చేయించాడు. మందుపాతర అన్నాడు, బాంబు అన్నాడు, చీకటి అన్నాడు. బొగ్గు సంగతి నిజమైంది గానీ ఓడ సంగతిలో నా అనుమానమే గెలిచింది. ఆ గెలుపు నాకు ఏమీ రుచించలేదు. పైగా ఇది అక్కకు ఎట్లా చెప్పాలి? చెప్పకపోతే ఆమె ఆదివారం నిలబడి ఆ పడవ కోసం మళ్లీ ప్రార్థిస్తుంది. తెలిసి కూడా నేను పక్కన నిలబడాలా? చెబితే ఆపరేషన్‌కు పోయే మనిషి చేతిలో ఉన్న ఒక్క మేలునూ లాక్కున్నట్టే.

శనివారం మంచిర్యాల మీదుగా బస్సు పట్టుకుని బెల్లంపల్లి వెళ్లాను. అక్క మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఆపరేషన్‌కు పోయేలోపు ఇంట్లో పచ్చడి పెట్టి పోవాలట. ఆమె చెవి దగ్గర వంగి ముందు బొగ్గు సంగతి చెప్పాను. పార ఊపి చూపించాను.

అక్క వెల్లుల్లి ఒడిలోనే వదిలేసింది. "బొగ్గు కోసం ఎతికిండా?" అంది. "మూత తీసి చూపెట్టిండ్రా? నవ్విండా నాయిన?" అదే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చిన్నపిల్లలా కనిపించింది నాకు.

"ఇంకొకటుంది అక్కా" అన్నాను.

"ముంచింది గుడ ఆ పడవే. గదేనా?"

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"దవాఖానల ఆఖరు రోజులల్ల నాయిన నాకు చెప్పిండు" అంది అక్క, మళ్లీ వెల్లుల్లి తీసుకుంటూ. "తనతోని బొగ్గేసినోళ్లు పక్కపొంటి మునుగుతుంటె వాళ్లల్ల తననొక్కన్నే లాగిండ్రట. లాగినోని చెయ్యి పట్టుకోవాల్నా ఇడవాల్నా అని ఒక్క గడియ ఆగిండట. పట్టుకున్నడు. గది ఎవరికి చెప్పుకుంటడు? అందుకే గట్ల ఒకసారి గది, ఒకసారి గిది చెప్పిండు."

"నాకెందుకు చెప్పలే?"

అక్క నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"నీకు చెప్తె, 'ముంచినోళ్లు మళ్ల ఎందుకు లేపుతరు?' అని అడుగుతవు. నాయిన కాడ దానికి జవాబు లేకుండె తమ్మీ. జవాబు లేకుంటె నువ్వు మొత్తం అబద్దమే అంటవు. కొడుకు నోటెంట ఆ మాట ఇనలేనని, నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

ఆమె నా చేతిలో నాలుగు వెల్లుల్లి గడ్డలు పెట్టింది. ఒలిచాను. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరా లేదు. జర్మనీ మనిషి దగ్గర కూడా లేదు, ఉంటే చెప్పి ఉండేది.

ఆ సాయంత్రం అక్కడినుంచే మా అమ్మాయికి ఫోను చేసి, మా నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడని జర్మనీ ఆమెకు ఒక మెసేజి పెట్టమన్నాను. ఈసారి తన సొంత మాటలు ఎన్నైనా కలుపుకోమన్నాను.

ఆదివారం అక్క లేచింది. నేనూ లేచి పక్కన నిలబడ్డాను. సముద్రం, చెక్క, తాడు అన్నీ చెప్పింది. ముంచినవాళ్లే లాగారని కూడా మొదటిసారి చెప్పింది. తర్వాత ఆమెకు ఆయాసం వచ్చి నా వైపు చూసింది. మైకు నా చేతికొచ్చింది.

"మా అక్క చెప్పింది నిజం" అన్నాను. "ఇంకొకటి ఆమె చెప్పలే. ఆ పడవ బాయిలర్‌ల బొగ్గు లేకుండె. మా నాయిన బొగ్గు కోసం మస్తుగ ఎతికిండు." మైకు చంకలో పెట్టుకుని, అందరికీ కనపడేట్టు పార ఊపి చూపించాను.

వెనక వరసలో ఎవరూ నవ్వలేదు. అక్క ఒక్కతే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయాసపడుతూనే నవ్వింది.